రెండు కాయిళ్లుంటే రెండింతల నిప్పు పుడుతుందా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో పాత పెట్రోలు బండ్ల డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్ల ప్లగ్గులకు వంతులవారీగా స్పార్కు పంచే భాగం) గురించి క్లుప్తంగా రాసినందుకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఆ విషయం మీదే ఉన్నాయి. నాలుగింటిలోనూ రెండు కాయిళ్ల (బ్యాటరీ కరెంటును స్పార్కుకు కావలసిన వేల వోల్టులుగా మార్చే భాగాల) ప్రస్తావన ఉన్నందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి ఈ నాలుగింటికే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పెద్దబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు అక్కడ 1939 నాటి ఫోర్డ్ వీ-8 ఇంజన్ ఉన్న పాత హాట్ రాడ్ (వేగం కోసం మార్పులు చేసిన) కారు కొన్నాడు. ఇంజన్ ముందు భాగంలో ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కు ఒకటికి రెండు కాయిళ్లున్నాయని ఫొటో పంపాడు. నేను బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను కాని, మావన్నీ డీజిల్ బండ్లు కావడం వల్ల ప్లగ్గులతో నాకు పరిచయం తక్కువ. రెండు కాయిళ్లుంటే స్పార్కు రెండింతలు వస్తుందా? ఒక కాయిల్ కుడివైపు నాలుగు సిలిండర్లకు, రెండోది ఎడమవైపు నాలుగింటికి పనిచేస్తుందని నేను అనుకుంటున్నాను. సరైనదేనా?
– నయీంనగర్, హన్మకొండ

జవాబు: మీ రెండు అనుమానాలూ సహజమైనవే, అయితే రెండూ సరికావు. రెండు కాయిళ్లు పెట్టింది స్పార్కును రెండింతలు చేయడానికి కాదు; కాయిల్‌కు నిండే సమయం ఇవ్వడానికి. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతావన్నీ వాటంతట అవే విడిపోతాయి.

నల్లా కింద బిందె పెట్టినట్టు ఊహించుకోండి. డిస్ట్రిబ్యూటర్ లోపల స్విచ్చులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లు మూసుకున్నంతసేపు కాయిల్‌లోకి బ్యాటరీ కరెంటు చేరుతూ ఉంటుంది. తెరుచుకున్న క్షణాన అప్పటిదాకా నిండినదంతా ప్లగ్గు దగ్గర ఒక్కసారిగా ఒలికిపోతుంది. బిందె నిండకముందే లాగేస్తే సగం నీళ్లే దక్కుతాయి. ఎనిమిది సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు క్రాంకు (ఇంజన్ ప్రధాన ఇరుసు) ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు స్పార్కులు కావాలి. నిమిషానికి 6000 చుట్లంటే 24,000 స్పార్కులు, అంటే సెకనుకు 400. ఒక స్పార్కుకూ మరో స్పార్కుకూ నడుమ ఉండే వ్యవధి రెండున్నర మిల్లీసెకన్లు మాత్రమే, అందులోనూ పాయింట్లు మూసుకుని ఉండేది సుమారు మూడింట రెండు వంతులు.

లెక్క కోసం ఒక మామూలు 12 వోల్టుల కాయిల్‌ను తీసుకుందాం. అందులో బ్యాటరీ కరెంటు పారే తీగచుట్ల ఇండక్టెన్స్ (కరెంటు ఒక్కసారిగా పెరగకుండా అడ్డుకునే గుణం) 8 మిల్లీహెన్రీలు, మొత్తం రెసిస్టెన్స్ 3 ఓములు అనుకుంటే, తగినంత సమయం ఇచ్చినప్పుడు అందులో 4 ఆంపియర్ల కరెంటు నిలుస్తుంది. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు ఒంటి కాయిల్‌కు నిండడానికి 5 మిల్లీసెకన్లు దొరుకుతాయి కాబట్టి అది 3.4 ఆంపియర్ల దాకా చేరుతుంది, ఏ లోటూ తెలియదు. 6000 చుట్ల దగ్గర దొరికేది 1.7 మిల్లీసెకన్లే; కరెంటు 1.9 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. కాయిల్‌లో దాగే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక, కరెంటు సగానికి పడిపోతే శక్తి పావువంతుకు జారుతుంది. ఈ లెక్కలో అది 64 మిల్లీజౌళ్ల నుంచి సుమారు 14కు పడిపోయింది. అదే పనిని రెండు కాయిళ్లు వంతులవారీగా పంచుకుంటే ఒక్కోదానికి 3.3 మిల్లీసెకన్లు దొరికి, శక్తి 32 మిల్లీజౌళ్లకు పైగా నిలబడుతుంది. చూశారు కదా, లాభమంతా ఎక్కువ చుట్ల దగ్గరే. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు ఒక కాయిల్ ఉన్నా రెండున్నా డ్రైవరుకు తేడా తెలియదు.

మరో లాభం కూడా ఉంది, దాన్ని చాలామంది మరచిపోతారు. ఒంటి కాయిల్ పద్ధతిలో కామ్‌కు (తిరుగుతూ పాయింట్లను తెరిచే ముక్కకు) ఎనిమిది పలకలుంటాయి. సెకనుకు 400 సార్లు పాయింట్ల చేయి ఎగిరి మళ్లీ వచ్చి కూర్చోవాలి. స్ప్రింగు బలం ఒక హద్దు దాటాక దాన్ని పట్టలేదు, చేయి గాల్లోనే తేలిపోతుంది, పాయింట్లు సరిగా మూసుకోవు. నాలుగు పలకల కామ్‌కు ఇరువైపులా రెండు జతల పాయింట్లు పెడితే ఒక్కో జత సెకనుకు 200 సార్లు తెరుచుకుంటే సరిపోతుంది.

ఈ ఆలోచన హాట్ రాడ్ వాళ్లకు లింకన్ జెఫర్ కారు నుంచి దొరికింది. 1936 మోడలుగా వచ్చిన ఆ కారుకు పన్నెండు సిలిండర్ల ఇంజన్ ఉండేది, దాని డిస్ట్రిబ్యూటర్‌కు కంపెనీవాళ్లే రెండు కాయిళ్లు పెట్టారు. పన్నెండు సిలిండర్లకు క్రాంకు చుట్టుకు ఆరు స్పార్కులు కావాలి గనుక, జెఫర్ 4000 చుట్ల దగ్గర ఎదుర్కొన్న ఇబ్బందీ, వీ-8 ఇంజన్ 6000 చుట్ల దగ్గర ఎదుర్కొనే ఇబ్బందీ ఒకటే: సెకనుకు 400 స్పార్కులు. దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిపోయిన సరస్సుల మీద పాత ఫోర్డు బండ్లను వేగం కోసం పరుగెత్తించే కుర్రాళ్లు ఈ సంగతి పసిగట్టి, తుక్కు దుకాణాల్లో జెఫర్ డిస్ట్రిబ్యూటర్లు ఏరుకుని, కామ్, రోటర్ (లోపల తిరుగుతూ ప్లగ్గుల తీగలకు స్పార్కు అందించే చేయి), కప్పు మార్చి తమ వీ-8లకు బిగించుకున్నారు. తరువాత స్పాల్డింగ్, హార్మన్ అండ్ కాలిన్స్ లాంటి చిన్న కార్ఖానాలు అలాంటివాటిని తయారుచేసి అమ్మాయి. 1949లో బోన్‌విల్ ఉప్పు మైదానంలో వేగపు వారం పోటీలు మొదలయ్యేనాటికి ఇలాంటి డిస్ట్రిబ్యూటర్ పోటీబండికి వింత కాదు.

ఇక మీ కుడి, ఎడమల ప్రశ్న. ఫోర్డ్ పాత వీ-8కు స్పార్కు వరుస 1-5-4-8-6-3-7-2. కుడివైపు సిలిండర్లు 1 నుంచి 4 వరకు, ఎడమవైపువి 5 నుంచి 8 వరకు. కాయిళ్లు వరుసలో ఒకటి విడిచి ఒకటి అందుకుంటాయి కాబట్టి, మొదటి కాయిల్‌కు 1, 4, 6, 7 వస్తాయి. రెండోదానికి 5, 8, 3, 2 వస్తాయి. అంటే ఒక్కో కాయిల్‌కు కుడివైపు రెండు, ఎడమవైపు రెండు. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. ఒక కాయిల్ పూర్తిగా పోయినా మిగిలిన నాలుగు స్పార్కులు సమానమైన ఎడంతోనే పడుతుంటాయి గనుక, ఇంజన్ కుంటుతున్నట్టు అనిపించదు; నాలుగు సిలిండర్ల బండి మాదిరిగా నున్నగానే తిరుగుతూ, బలం మాత్రం పోగొట్టుకుంటుంది. మీ అబ్బాయి "శబ్దం బాగానే ఉంది నాన్నా, కానీ ఎత్తు ఎక్కడం లేదు" అంటే ముందుగా ఇక్కడే అనుమానించాలి.

పరీక్ష తేలిక. ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా ఒక కాయిల్‌కు బ్యాటరీ నుంచి వచ్చే సన్న తీగను ఊడదీయాలి. ప్లగ్గులవైపు లావు తీగను మాత్రం ముట్టవద్దు. స్పార్కుకు దారి దొరక్కపోతే కాయిల్ లోపలే తూట్లు పడతాయి, పట్టుకున్నవారికి షాకు సరేసరి. చుట్లు ఎంత పడిపోయాయో గమనించి, తీగ తిరిగి పెట్టి, రెండో కాయిల్‌తో అదే చేయాలి. రెండుసార్లూ ఒకేలా పడిపోతే సమానంగా పనిచేస్తున్నట్టు. ఒకవైపు తీసినప్పుడు ఏ మార్పూ లేకపోతే ఆ కాయిల్ అంతకుముందే పనిచేయడం లేదన్నమాట. ఈ పరీక్షను అరనిమిషంలో ముగించాలి. మండని పెట్రోలు నాలుగు సిలిండర్ల గోడల మీది నూనెను కడిగేస్తుంది.

మరొక మాట. ఆ కాలపు ఫోర్డులు 6 వోల్టులవి, పాజిటివ్ వైపు బాడీకి కలిపినవి. మధ్యలో ఎవరైనా 12 వోల్టులకు మార్చి ఉండవచ్చు. ఏది ఉందో తేల్చుకోకుండా కొత్త కాయిళ్లు కొనవద్దని చెప్పండి. ఇంజన్ తిరగనప్పుడు తాళం చెవిని ఆన్‌లోనే వదిలేసే అలవాటు కూడా మానిపించండి. పాయింట్లు మూసుకున్నచోట ఆగితే కాయిళ్లు గంటల తరబడి కరెంటు తాగి కాలిపోతాయి.

ప్రశ్న: నేను డిప్లొమా మెకానికల్ చదువుతున్నాను. డ్యూయల్ పాయింట్, డ్యూయల్ కాయిల్ అనేవి ఒకటేనా? ఇంటర్నెట్‌లో రెండు మాటలూ కలగలిపి వాడుతున్నారు. కండెన్సర్లు కూడా రెండు ఉండాలా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఒకటి కాదమ్మా. కలగలిపేవాళ్లు ఎక్కువే, పాఠం చెప్పేవారిలోనూ ఉన్నారు.

డ్యూయల్ పాయింట్ అంటే కాయిల్ ఒకటే, కామ్‌కు ఎనిమిది పలకలే, కానీ పాయింట్లు రెండు జతలు, ఆ రెండూ ఒకే తీగకు పక్కపక్కనే కలిపి ఉంటాయి. ఒక జత కాస్త ముందుగా మూసుకుంటుంది, రెండోది కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఏ ఒక్కటి మూసి ఉన్నా కరెంటు పారుతుంది. రెండూ తెరుచుకున్న క్షణాన మాత్రమే స్పార్కు పుడుతుంది. ఒక్కో సిలిండర్‌కు దక్కే 45 డిగ్రీలలో ఒంటి జతతో సుమారు 28 నుంచి 30 డిగ్రీలు మూసి ఉంచగలిగితే, ఈ ఉపాయంతో 36 దాకా లాగవచ్చు. ఫోర్డ్ కంపెనీ 1932లో వీ-8 తెచ్చినప్పుడే తన సొంత డిస్ట్రిబ్యూటర్‌లో ఈ పద్ధతి పెట్టింది. అదే 1932లో మన నిజాం రాష్ట్రంలో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. కాలం ఎంత పాతదో తెలియడానికి చెప్పాను.

డ్యూయల్ కాయిల్‌లో పాయింట్లు రెండు జతలే అయినా వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఒక్కో జతకు సొంత కాయిల్, సొంత కండెన్సర్. కామ్‌కు నాలుగే పలకలు గనుక 45 డిగ్రీల బదులు 90 డిగ్రీలు దొరుకుతాయి. మొదటి పద్ధతిలో ఒకే బిందెను నల్లా కింద కాసేపు ఎక్కువ ఉంచారు, రెండోదానిలో ఇంకో బిందె తెచ్చారు.

కండెన్సర్లు తప్పకుండా రెండు ఉండాలి. పాయింట్లు తెరుచుకునే క్షణాన కాయిల్‌లోని కరెంటు ఆగడానికి ఇష్టపడదు, ఆ చిన్న ఎడంలోనే మెరుపుగా దూకాలని చూస్తుంది. దాన్ని కండెన్సర్ తన కడుపులోకి తీసుకుంటుంది కాబట్టే పాయింట్లు కాలకుండా ఉంటాయి, కాయిల్‌లోని అయస్కాంత బలం చప్పున కుప్పకూలి ప్లగ్గు దగ్గర వేల వోల్టులు పుడతాయి. దాని విలువ సుమారు 0.2 మైక్రోఫారడ్లు. రెండు కాయిళ్లకు కలిపి ఒకే కండెన్సర్ తగిలించాలంటే రెండు పాయింట్ల తీగలను కలపక తప్పదు. అప్పుడు ఒక జత తెరుచుకున్నా రెండోది మూసే ఉంటుంది, కరెంటు ఆగనే ఆగదు. మీరు ల్యాబ్‌లో చీకటి చేసి పాయింట్లను చూడండి. మంచి కండెన్సర్ ఉన్నప్పుడు సూది మొనంత నీలిచుక్క అప్పుడొకటి ఇప్పుడొకటి కనిపిస్తుంది. చెడిపోయినదైతే తెల్లగా, ఎర్రగా ధారగా మంట కొడుతుంది.

ఈ డిస్ట్రిబ్యూటర్‌లో అసలు కష్టం రెండు జతలను ఒకదానికొకటి కుదర్చడంలో ఉంది. ఒక జత తెరుచుకున్నాక కచ్చితంగా 45 డిగ్రీలకు రెండోది తెరుచుకోవాలి. అక్కడ 2 డిగ్రీల తేడా వస్తే, డిస్ట్రిబ్యూటర్ క్రాంకులో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి, క్రాంకు దగ్గర అది 4 డిగ్రీలు అవుతుంది. అంటే నాలుగు సిలిండర్లు ఒక టైమింగ్‌లో (స్పార్కు పడే వేళలో), మిగతా నాలుగు మరో టైమింగ్‌లో పేలుతుంటాయి. టైమింగ్ లైటు (స్పార్కు పడినప్పుడల్లా మెరిసి ఆ వేళను చూపే దీపం) ఒకటో నంబరు ప్లగ్గుకు తగిలించి అంతా సరిగానే ఉందని సంబరపడితే రెండో కాయిల్ తప్పు ఎప్పటికీ బయటపడదు. వరుసలో దాని పక్కనున్న ఐదో నంబరుకు కూడా తగిలించి, పుల్లీ మీద 90 డిగ్రీల దూరంలో మరో గుర్తు పెట్టుకుని చూడాలి. డిస్ట్రిబ్యూటర్‌ను ఊడదీసి బల్ల మీద పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది: 360 డిగ్రీల కాగితపు చక్రం అంటించి, ఒక్కో కాయిల్‌కూ పాయింట్లకూ కలిసేచోట నుంచి బాడీకి ఒక చిన్న బల్బు పెట్టి, బ్యాటరీ ఇచ్చి చేత్తో మెల్లగా తిప్పితే, పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా ఆయా బల్బు వెలుగుతుంది. వెలిగే చోట్లు 0, 45, 90, 135 అంటూ రావాలి. షాఫ్టు బుష్షు అరిగి ఊగుతుంటే ఈ అంకెలు తిప్పిన ప్రతిసారీ మారిపోతాయి; అప్పుడు పాయింట్లతో కుస్తీ పట్టకుండా ముందు బుష్షు వేయించాలి.

ప్రశ్న: నా దగ్గర పాత పెట్రోలు జీపు ఉంది. ఎండాకాలంలో పది కిలోమీటర్లు పోగానే ఆగిపోతుంది, అరగంట చల్లారితే మళ్లీ స్టార్టు అవుతుంది. మా మెకానిక్ "కరెంటు మంచిగ కొడ్తలేదు, ఇంకో కాయిల్ పక్కన కడితే డబల్ అయితది" అని రెండో కాయిల్ తగిలించాడు. వారంలో పాయింట్లు నల్లగా మాడిపోయాయి. హాట్ రాడ్ బండ్లకు పనికొచ్చింది నా జీపుకు ఎందుకు పనికిరాలేదు?
– గోదావరిఖని

జవాబు: మీ మెకానిక్ మాటలో మొదటి సగం నిజమే, వైద్యమే తప్పు. ఉన్న ఒక్క జత పాయింట్ల మీదకే రెండు కాయిళ్లను కలిపితే పాయింట్ల గుండా రెండింతల కరెంటు పారుతుంది, పైగా ఒకే కండెన్సర్ రెండు కాయిళ్ల బరువు మోయాలి. అవి మాడక ఏం చేస్తాయి? రెండు కాయిళ్ల పద్ధతికి వేరే కామ్, వేరే పాయింట్లు, వేరే రోటర్ కావాలి. పక్కన కట్టినంత మాత్రాన అది రాదు.

అసలు మీకు ఆ అవసరమే లేదు. నాలుగు సిలిండర్ల జీపు ఎంత తొక్కినా 3500 చుట్ల దగ్గర తిరుగుతుందనుకుందాం. సెకనుకు 117 స్పార్కులు చాలు, ఒక్కో స్పార్కుకు ఎనిమిదిన్నర మిల్లీసెకన్లు దొరుకుతాయి. ఆరోగ్యంగా ఉన్న ఒంటి కాయిల్ ఆ పని నిద్రలో కూడా చేస్తుంది.

వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచేది చాలావరకు కాయిల్ గానీ కండెన్సర్ గానీ అవుతుంది. లోపలి సన్నని రాగి చుట్ల మధ్య పూత పాతబడి, వేడికి వ్యాకోచించినప్పుడు ఎక్కడో ఒకటికొకటి తగులుతాయి. రామగుండం వైపు మే నెల ఎండ నేను వేరే చెప్పక్కరలేదు; దానికి ఇంజన్ సెగ తోడైతే పాత కాయిల్ ఎంతసేపు ఆగుతుంది? కాయిల్ ఇంజన్ పైనే బిగించి ఉంటే పక్క గోడకు, గాలి తగిలేచోటికి మార్పించండి. ఈసారి బండి ఆగిన వెంటనే ప్లగ్గు తీసి బాడీకి ఆనించి స్టార్టర్ కొట్టించి చూడండి. స్పార్కు లేకుంటే ముందుగా తక్కువ ధరది గనుక కండెన్సర్ మార్చండి, అయినా తీరకపోతే కాయిల్ మార్చండి. స్పార్కు బాగానే ఉంటే తప్పు కాయిల్‌ది కాదు. పెట్రోలు పైపులోనే ఆవిరవుతోందేమో చూడాలి. రెండో కాయిల్‌ను మాత్రం ఈ రోజే ఊడదీయించండి.

ప్రశ్న: మా మామయ్య వాడిన రాజ్‌దూత్ 350 మోటర్‌సైకిల్ నాకు వచ్చింది. దానికి కూడా రెండు కాయిళ్లున్నాయి. ఎడమవైపు సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది. కొత్త కాయిల్ వేశాం, తగ్గలేదు. అది కూడా హాట్ రాడ్ పద్ధతేనా?
– జమ్మికుంట

జవాబు: పద్ధతి ఒకటే, కారణం వేరు. 1983లో మనదేశంలో వచ్చిన ఆ బండి రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. క్రాంకు ప్రతి చుట్టుకూ ఒక్కో సిలిండర్‌కు ఒక స్పార్కు కావాలి. డిస్ట్రిబ్యూటర్ పెట్టే బదులు ఒక్కో సిలిండర్‌కు వేరే పాయింట్లు, వేరే కండెన్సర్, వేరే కాయిల్ ఇచ్చేశారు. మీకు దొరికిన వరం కూడా అదే: చెడ్డ వైపును పోల్చి చూసుకోవడానికి పక్కనే మంచి వైపు ఉంది.

కొత్త సామాన్లు కొనడం ఆపి, ముందు కాయిళ్లను అటుదిటు చేయండి. ఎడమ కాయిల్‌కు వచ్చే పాయింట్ల తీగను కుడి కాయిల్‌కూ, కుడిదాన్ని ఎడమకూ మార్చి, ప్లగ్గు తీగలను కూడా అలాగే మార్చండి. మిస్సింగ్ కుడివైపుకు పోతే కాయిల్ తప్పే, కొత్తదైనా సరే. ఎడమవైపే ఉండిపోతే కాయిల్‌ను వదిలేసి కండెన్సర్లను అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ప్లగ్గు మార్చి చూసి, తరువాత ఆ వైపు పాయింట్లు విప్పండి. ఒక ముఖం మీద చిన్న గుట్ట, ఎదుటి ముఖం మీద దానికి సరిపోయే గుంట కనిపిస్తే ఆకురాయితో రుద్దినా ఎక్కువ రోజులు ఆగవు, జత మార్చాల్సిందే. ఎడం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఫీలర్ గేజ్‌తో పెట్టాలి. హ్యాక్సా బ్లేడుతో పెట్టే ఉస్తాదులు ఇంకా ఉన్నారు; ఆ బ్లేడు మందం ప్లగ్గు ఎడానికి సరిపోతుందేమో గాని పాయింట్లకు ఎక్కువ. ఎడం పెట్టాక కామ్‌కు రుద్దుకునే ఫైబర్ ముక్క దగ్గర గోరుమీద నిలిచేంత గ్రీజు రాయండి, అంతకు మించితే అది ఎగిరి పాయింట్ల మధ్యలోనే పడుతుంది. ఎడం మార్చినప్పుడల్లా టైమింగ్ కూడా కదులుతుంది కాబట్టి ఆ వైపు టైమింగ్‌ను మళ్లీ చూసుకోండి.